ఉజ్వల గరాజ్‌లో ‘ఆయుధాలు’

శాన్ రామన్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 16, 2024

ఉజ్వలా,

ఎప్పుడూ రాసే ‘చిరంజీవి’ ఇవాళ రాయలేదు, గమనించు. కోపంగా ఉన్నాను.

పొద్దున్న కాఫీ తాగుతుంటే మామయ్య ఐప్యాడ్ నా ముందు పెట్టారు. ఎవరో తెలుగు సంఘం గ్రూపులో పెట్టిన వీడియో. అందులో నీ ఇల్లు. నీలం రంగు గరాజ్ తలుపు, మెట్ల దగ్గర నువ్వు పెంచుతున్న తులసి కుండీ. కింద ఎర్రటి పట్టీ మీద పెద్ద అక్షరాలు: ‘నేపర్‌విల్ ఇంట్లో ఆయుధాల గుట్ట’. ఆ తర్వాత నీ ఫోటో, నీ పేరు, పేరు పక్కన ‘ఇండియన్ నేషనల్’ అని ఒక ముక్క. నాకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి కింద పడే అక్షరాలు చదివాను. రోడ్డు పక్కనే దుప్పటి పరిచి, దాని మీద వరసగా తుపాకులు! మన ఇంటి ఆడపిల్ల వాటి పక్కన నిలబడి ‘అవును, ఇవన్నీ నావే’ అంటోంది!

నేను ఎవరినో నీకు తెలియదా? ముప్పై ఏళ్లు ఓక్లండ్ ఆస్పత్రిలో సర్జన్‌గా మనుషుల ఒంట్లోంచి తూటాలు తీశాను. ఒకే ఇంట్లోంచి అన్నదమ్ములిద్దరూ ఒకే వారంలో నా టేబుల్ మీదికి వచ్చిన సందర్భం ఉంది. దీపావళికి కాల్చే బొమ్మ పిస్తోలు కూడా నా గడప తొక్కలేదు. నా తమ్ముడి కూతురు తుపాకులు కొని దాచుకుంటుందని కల్లో కూడా అనుకోలేదు. నీ భర్త నిశాంత్ ఏం చేస్తున్నాడు? అతనికి తెలిసే జరిగిందా?

ఫోన్ చేస్తే నాకు సగం మాట వినపడదు, వాట్సాప్‌లో రెండు ముక్కలు రాస్తే నాకు సరిపోదు. కాగితం మీద రాయి. దాచకుండా రాయి.

అత్తయ్య
జానకీదేవి

తా.క.: ‘ముందు దాన్ని అడుగు, తర్వాత తిట్టు’ అన్నారు మామయ్య. ముందు తిట్టేశాను. ఇప్పుడు అడుగుతున్నాను.


నేపర్‌విల్, ఇల్లినాయ్
ఏప్రిల్ 21, 2024

అత్తయ్యకి నమస్కారం.

నీ తిట్లు క్షేమంగా అందాయి. గ్రూపుల్లో నా గురించి రాస్తున్నవాటితో పోలిస్తే నీవి ముద్దుగానే ఉన్నాయిలే. కనీసం నువ్వు అడిగావు.

అవి తుపాకులు కావు అత్తయ్యా. ఎయిర్‌సాఫ్ట్ అని ఒక ఆట. చూడటానికి తుపాకీలాగే ఉంటుంది, లోపల బ్యాటరీ, స్ప్రింగు. అందులోంచి వచ్చేది మిరియపు గింజకన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ పూస. తగిలితే చీమ కుట్టినట్టు ఉంటుంది, దగ్గరనుంచైతే కందిరీగ కుట్టినట్టు. కళ్లకి మాత్రం గాగుల్స్ తప్పనిసరి, అవి లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. జోలియెట్ దగ్గర పాత గోడౌన్ ఒకటి ఉంది, ఆదివారాలు అక్కడ ఆడతాం. మొదట నిశాంత్ ఆఫీసువాళ్లు తీసుకెళ్లారు. అతను ఒక్క ఆటకే ‘మోకాళ్లు పోయాయి’ అని కూర్చున్నాడు. నేను వదల్లేదు. వారమంతా కుర్చీలో కూర్చుని మీటింగుల్లో మ్యూట్ తీసి మ్యూట్ పెట్టే మనిషిని నేను. అక్కడ పరిగెడతాను, దాక్కుంటాను, గొంతెత్తి అరుస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక అరవడానికి ఇంకెక్కడ చోటుంది చెప్పు? పూస తగిలితే తగిలిందని ఎవరికి వాళ్లే చెయ్యెత్తి బయటికి వచ్చెయ్యాలి. చూసేవాడు ఉండడు, ఒప్పుకోవడమే ఆట. ఆ చానల్‌వాళ్లు ఆడితే మొదటి రోజే వెళ్లగొట్టేవాళ్లం.

జరిగింది ఇది. మా టీమ్ సామానంతా మా గరాజ్‌లోనే ఉంటుంది. ఆ ఆదివారం ఎండ బాగుందని డ్రైవ్‌వేలో దుప్పటి పరిచి బ్యాటరీలు సరిచూస్తున్నాను. ఎవరో చూసి పోలీసులకి ఫోన్ చేశారు. ఇద్దరు వచ్చారు. చేతులెత్తి నిలబడమన్నారు, నిలబడ్డాను. దగ్గరికి వచ్చి చూశారు, పూసల డబ్బా చూశారు, పెద్దాయన నవ్వేశాడు. ‘ఈసారి బ్యాగుల్లో పెట్టి బయటికి తీసుకురామ్మా’ అని వెళ్లిపోయారు. కేసు లేదు, కాగితం లేదు.

సాయంత్రం టీవీ వ్యాన్ వచ్చింది. నాకు దాచడానికేం లేదు కదా, సరేనని మళ్లీ అన్నీ బయట పెట్టి అరగంట సేపు ఓపిగ్గా చెప్పాను. గొట్టం చివర నారింజ రంగు మూతి చూపించి ‘ఇది బొమ్మ అనడానికి గుర్తు, చట్టం ప్రకారం ఇది ఉండాలి’ అన్నాను. పూసలు అరచేతిలో పోసి చూపించాను. ఆ రిపోర్టర్ అమ్మాయి ‘హౌ ఫన్!’ అని ఒకటి పేల్చి కూడా చూసింది అత్తయ్యా! రాత్రి చూస్తే ఫోటోల్లో నారింజ మూతి దాకా వచ్చి సరిగ్గా అక్కడ కోసేశారు. మధ్యలో ఎక్కడిదో నిజం తుపాకుల వీడియో, ఢాంఢామ్మని చప్పుడుతో సహా కలిపారు. నా అరగంట మాటల్లో మిగిల్చింది ‘అవును, ఇవన్నీ నావే’ ఒక్కటి. పోలీసులు నవ్వుకుంటూ వెళ్లిపోయిన సంగతి అసలు లేనే లేదు.

మీ వంటింట్లో కత్తిపీట ఉంది. నా ప్లాస్టిక్ కన్నా అదే ఆయుధం. మరి నీ ఇంటి ముందుకి వ్యాన్ రాదేం?

మర్నాడు మా ఆఫీసు హెచ్.ఆర్. పిలిచి ‘అందరి సేఫ్టీ కోసం’ లీవ్‌లో ఉండమన్నారు. నా హెచ్-1బి వీసా ఈ కంపెనీ ఇప్పించిందే. ఉద్యోగం పోతే అరవై రోజులు, ఆ తర్వాత పెట్టె సర్దుకోవడమే. గ్రీన్ కార్డ్ క్యూలో పదకొండేళ్ల నుంచి నిలబడ్డాం, తెలుసుగా.

నిశాంత్ నమస్కారాలు చెప్పమన్నాడు. అతనికి అన్నీ తెలుసు, పాపం అతన్ని తిట్టకు.

నీ
ఉజ్వల


శాన్ రామన్
ఏప్రిల్ 27, 2024

చిరంజీవి ఉజ్వలను దీవించి రాస్తున్నది.

నీ మాట నమ్మాను. మామయ్య ‘నేను ముందే అన్నాను’ అని మూడుసార్లు అన్నారు. ఒకసారే వినపడింది నాకు, మిగతా రెండూ పెదాలు చూసి తెలుసుకున్నాను.

కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘చేతులెత్తి నిలబడమన్నారు, నిలబడ్డాను’ అని రాసి ఎండ బాగుందన్నట్టే దాటేశావు. నేను దాటలేకపోయాను. ఓక్లండ్‌లో ఒకసారి ఒక తండ్రి, పిల్లవాడి పుట్టినరోజుకి బొమ్మ పిస్తోలు కొని చేత్తో పట్టుకుని షాపు బయటికి వచ్చాడు. ఎవరో చూసి ఫోన్ చేశారు. అతను భయపడి చేతులు ఎత్తడానికి బదులు, ‘ఇది బొమ్మ’ అని చూపించడానికి చెయ్యి ముందుకు చాపాడు. వచ్చిన పోలీసు కాల్చాడు. మనిషిని బతికించాను గానీ కాలు నిలపలేకపోయాను. ఆ చెయ్యి ముందుకు చాపిన క్షణంలో నీ నారింజ మూతి ఎవరికి కనపడుతుంది? మా కాలిఫోర్నియాలో ఇవి ఇంటి ముందు కూడా బయటికి కనపడకూడదని చట్టమే ఉంది. మీ దగ్గర లేకపోతే ఉండాలి. ఆ పెద్దాయన నవ్వాడని రాశావు. నవ్వే మనిషి వచ్చాడు కాబట్టి నీ ఉత్తరం నాకు అందింది.

ఇది నీ మీద కోపం కాదు. భయం. రెండూ నాకు ఒకే గొంతులో వస్తాయి, చిన్నప్పటి నుంచి చూస్తున్నావుగా.

ఇక ఆ చానల్ సంగతి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వీడియో కింద ‘ఉజ్వల నా మేనకోడలు, మీరు రాసింది తప్పు’ అని రాసి నా పేరు పెట్టాను. రెండో రోజే ఆ రిపోర్టర్ అమ్మాయి ఈమెయిల్ పంపింది, ‘డాక్టర్ గారూ, మీ అభిప్రాయం వివరంగా చెప్తారా’ అని. ఎంతో మర్యాదగా రాసింది. కూర్చుని పెద్ద జవాబు రాశాను. మామయ్య ‘ఇంత పొడుగు ఎవరు చదువుతారు’ అన్నారు. చదవాలి మరి, అడిగింది వాళ్లేగా! రేపో మాపో సరిదిద్దుతారు. నువ్వు బెంగ పెట్టుకోకు.

పెరట్లో గోంగూర వేశాను. ఉడుతలు దాన్ని మాత్రం ముట్టవు, టమాటాలు ఒక్కటి మిగల్చవు.

అత్తయ్య


నేపర్‌విల్
మే 3, 2024

డాక్టర్ జానకీదేవి గారికి,

మీరు పంపిన సహాయం నిన్న రాత్రి వార్తల్లో వచ్చింది. చూశారో లేదో అని కింద రాస్తున్నాను.

‘తుపాకీలా కనిపించేది ఏది ఇంట్లో ఉన్నా నాకు భయమే, అంటున్నారు ఆమె సమీప బంధువు, ట్రామా సర్జన్‌గా పనిచేసిన డాక్టర్ జానకీదేవి.’

దీనికి మళ్లీ నా ఫోటో, మళ్లీ ఆ దుప్పటి, మళ్లీ ఆ ఢాంఢామ్. ‘కుటుంబంలోనే ఆందోళన’ అని కొత్త పట్టీ. పొద్దున్నే హెచ్.ఆర్. నుంచి ఫోన్. లీవ్ పొడిగించారట. ఎందుకని అడిగితే ‘మీ ఫ్యామిలీ డాక్టరే కన్సర్న్ చూపిస్తున్నారు కదా’ అంది ఆవిడ. మీరు ఫ్యామిలీ డాక్టర్ కూడా అయిపోయారు.

‘నాకు భయం’ అన్న ముక్క మీ నోట వింటే పడతాను. నా మొహం మీద చెప్పండి, ఉత్తరంలో రాయండి, ఇక్కడికి వచ్చి నన్ను కూర్చోబెట్టి తిట్టండి. కానీ నన్ను బోనులో నిలబెట్టినవాళ్ల చేతికి ఆ ముక్క ఎందుకిచ్చారు? వీసా మీద బతికే మనిషికి చానల్ అంటే ఏమిటో, హెచ్.ఆర్. అంటే ఏమిటో సిటిజన్‌షిప్ వచ్చి నలభై ఏళ్లయిన మీకు ఎలా తెలుస్తుంది?

దయచేసి ఇక నా తరఫున ఎవరికీ ఏమీ రాయకండి.

ఉజ్వల


శాన్ రామన్
మే 8, 2024

ఉజ్వలా,

ఉత్తరమంతా ‘మీరు’ అని రాశావు. నీకు మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను ‘నువ్వు’ అంటున్నదానివి. చదివి లేచి వెళ్లి గోంగూరకి నీళ్లు పోశాను, పొద్దున్నే పోసిన సంగతి మర్చిపోయి.

నేను వాళ్లకి రాసింది నీకు తెలుగులో చెప్తాను, విను.

‘ముప్పై ఏళ్లు తూటా గాయాలకి ఆపరేషన్లు చేశాను. తుపాకీలా కనిపించేది ఏది ఇంట్లో ఉన్నా నాకు భయమే. అందుకే మీ మీద నాకింత కోపం. ఉజ్వల ఇంట్లో ఉన్నవి తుపాకులు కావు, ఆ సంగతి మీకు తెలుసు. తెలిసి నారింజ మూతిని కోసేశారు, తెలిసి నిజం తుపాకుల చప్పుడు కలిపారు. నిజమైన తుపాకులతో రోజూ మనుషులు చచ్చిపోతున్న దేశంలో, ఆడుకునే ప్లాస్టిక్‌ని చూపించి జనాన్ని బెదిరించడం ఆ చచ్చిపోయినవాళ్లని వెక్కిరించడం.’

ఇంకా ఉంది. ఇంతకన్నా ఘాటుగా ఉంది. అందులోంచి రెండో వాక్యం పీకి, మిగతాది చెత్తబుట్టలో వేశారు! నా మాటతో నీ మెడ కోశారు!

ఇన్నేళ్ల జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. చీర కట్టుకుని ఆస్పత్రికి వచ్చిన రోజుల్లో నర్సు అనుకుని మంచినీళ్లు తెమ్మన్నవాళ్లున్నారు. కానీ నేను అన్న మాటని నేను అననట్టు, అననిది అన్నట్టు ఎవరూ చేయలేదు. స్టేషన్ మేనేజర్‌కి వరసగా ఈమెయిళ్లు పంపాను. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని ఒకటే జవాబు, ప్రతిసారీ అదే. మిషన్ పంపుతోందట, మామయ్య చెప్పారు. మనిషి సిగ్గుపడాల్సిన చోట మిషన్‌ని నిలబెట్టారు.

ఇది వాళ్ల సంగతి. మన సంగతి ఒకటుంది. మొదట నేను చానల్ చెప్పింది నమ్మి నిన్ను తిట్టాను, తప్పే. కానీ నేను నిన్ను అడిగాను. నువ్వు నన్ను అడగలేదు. వాళ్లు నీ అరగంట మాటలు కోసి ఒక్క ముక్క చేశారని నీకు తెలుసు. నా ముక్క దగ్గరికి వచ్చేసరికి, దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని నీకు అనిపించలేదా తల్లీ?

జవాబు రాయాలనిపిస్తేనే రాయి.

జానకి


నేపర్‌విల్
మే 14, 2024

అత్తయ్యా,

నీ ఉత్తరం మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడి చదివాను. అనిపించలేదు అత్తయ్యా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ రాత్రి నీ పేరు తెరమీద చూడగానే ఇంకేదీ తోచలేదు. ఊరంతా ఒకవైపు ఉంది, నువ్వూ అటే వెళ్లిపోయావనుకున్నాను. నన్ను క్షమించు. ‘మీరు’ ఇంకెప్పుడూ రాయను.

ఇక్కడ కొత్త సంగతులు రెండున్నాయి, రెండూ నా బీపీ పెంచేవే.

హెచ్.ఆర్. నన్ను తిరిగి తీసుకుంటామని ఒక కాగితం పంపింది. ‘నా నివాసంలో ఆయుధాలు ఉంచుకోవడం వల్ల సంస్థకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను’ అని నేను సంతకం పెట్టాలట. ఆయుధాలు! రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో ఎవడైనా ఆ కాగితం తీస్తే? ‘పెట్టెయ్ ఉజ్జీ, ఉద్యోగం దక్కితే చాలు. ఎవరు చదువుతారు దాన్ని?’ అన్నాడు నిశాంత్. ‘నేను చదివాను, చాలదా?’ అన్నాను. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. కూరలో ఉప్పు లేదన్నది కూడా సైగతోనే.

రెండోది ఇంకా పెద్దది. పోలీసులకి ఫోన్ చేసింది ఎవరో తెలిసింది. ఎదురింటి రష్మి. ఆరేళ్లుగా నా చేతి ఆవకాయ తింటున్న రష్మి! నాకు జ్వరం వస్తే చారు తెచ్చి ఇచ్చిన రష్మి! తనే వచ్చి చెప్పింది. గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

‘మా దియ స్కూల్లో ముందు వారమే, ఎవరో గన్‌తో వచ్చారని లాక్‌డౌన్ అయింది ఉజ్జీ. గంట సేపు బెంచీల కింద దాక్కున్నారు పిల్లలు. అది ఫాల్స్ అలారమ్ అట. ఇంటికొచ్చాక కూడా దియ మంచం కిందే పడుకుంటోంది. ఆ రోజు కిటికీలోంచి చూస్తే నాకు నువ్వు కనపడలేదు. వెనక్కి తిరిగి వంగి ఉన్నావు, తలమీద టోపీ. నాకు ఆరెంజ్ కనపడలేదు. తుపాకీ ఒక్కటే కనపడింది. ఎవరో మీ ఇంట్లో దూరారనుకున్నాను.’

‘తర్వాతైనా చెప్పొచ్చు కదా? ఇన్ని వారాలు టీవీలో నన్ను తింటుంటే చూస్తూ కూర్చున్నావా?’ అన్నాను.

‘చెప్తే నువ్వు నా మొహం చూడవని భయపడ్డాను.’

‘నిజమే, చూడను’ అని తలుపు వేసేశాను.

సరిగ్గానే చేశాననుకుంటున్నాను. అయినా ఎదురింటి లైటు వెలిగితే అటు చూడకుండా ఉండలేకపోతున్నాను.

ఈ గొడవంతా చూసి సిటీ కౌన్సిల్‌వాళ్లు ‘తుపాకుల్లాంటివి ఇంటి బయట కనపడకూడదు’ అని కొత్త రూల్ పెడతారట. జూన్ మొదటి వారంలో మీటింగు. ఎవరైనా మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. మా టీమంతా వస్తోంది. మా తరఫున నేనే మాట్లాడాలన్నారు. చానల్ చేసిన అన్యాయం అక్కడ కడిగేస్తాను.

నువ్వు కూడా ఏమైనా రాసి పంపుతావా? ఈసారి అడుగుతున్నాను.

నీ
ఉజ్వల


శాన్ రామన్
మే 20, 2024

చిరంజీవి ఉజ్వలకు,

క్షమించడానికేముంది. నీ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు, దుమ్ము పడిందట.

ముందు రష్మి. భయపడి ఫోన్ చేసినవాళ్లనీ, తెలిసి అబద్ధం చెప్పినవాళ్లనీ ఒకే గాటన కట్టకు. ఆ అమ్మాయి నీ ఇంట్లో దొంగ దూరాడని ఫోన్ చేసింది. అంటే నీ కోసమే చేసింది! తర్వాత నోరు మూసుకుంది, అది తప్పే. కానీ నీ గుమ్మంలోకి తనంతట తను వచ్చి చెప్పింది. చానల్‌వాళ్లలో ఒక్కరైనా వచ్చారా? ఆ పసిదాన్ని మంచం కింద పడుకోబెట్టింది నీ ప్లాస్టిక్ కాదు, రష్మీ కాదు. ఈ దేశంలో నిజంగా పేలుతున్నవి. ఆ భయాన్ని అమ్ముకుని బతుకుతున్నవాళ్ల మీద కోపం పెట్టుకో. కావలసినంత పెట్టుకో, నా వాటా కూడా ఇస్తాను. ఎదురింటికి మాత్రం వద్దు.

ఇక సంతకం. పెట్టకు అని నేను అనడం సులువు. నీ వీసా కష్టం నాకు తెలియదని నువ్వు రాసింది కోపంలోనే అయినా నిజం. మా రోజుల్లో డాక్టర్లు కావాలని పిలిచి మరీ కాగితాలిచ్చారు. అందుకని ఆజ్ఞ ఇవ్వను. నేనైతే ఆ వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు నా మాటల్లో రాసి, దాని కింద సంతకం పెట్టి పంపుతాను. ఒప్పుకుంటే సరి, లేకపోతే అప్పుడు చూద్దాం. లాయర్‌ని మాత్రం ముందు అడుగు. నిశాంత్ భయపడుతున్నది కూడా నీ కోసమేనని మర్చిపోకు. కూరలో ఉప్పు వెయ్యి.

కౌన్సిల్‌కి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి ఇందులో పెట్టాను. అందులో నీకు నచ్చనిది కూడా ఉంది. నాకు నిజమనిపించింది రాశాను. నీకు నచ్చేట్టు మార్చి రాద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. ఏం చేస్తావో నీ ఇష్టం.

అత్తయ్య


నేపర్‌విల్
జూన్ 6, 2024

అత్తయ్యా,

ముందు మంచి వార్త. ఉద్యోగంలోకి తిరిగి వెళ్లాను. లాయర్‌ని అడిగి, ‘ఆయుధాలు’ వాక్యం కొట్టేసి, ‘ఎయిర్‌సాఫ్ట్ ఆట సామాను ఇంటి బయట పెట్టినప్పుడు పోలీసులు వచ్చి చూసి, తప్పేమీ లేదని వెళ్లారు’ అని రాసి సంతకం పెట్టి పంపాను. వారం రోజులు చప్పుడు లేదు. ఆ వారం నిశాంత్ నిద్రపోలేదు, నేనూ పోలేదు. కానీ మాట్లాడుకున్నాం. తర్వాత ఒక్క లైను ఈమెయిల్: ‘సోమవారం రండి.’ సారీ లేదు. ట్రైన్‌లో సీటు మాత్రం ఎప్పటిలాగే దొరికింది.

రష్మి ఇంటికి వెళ్లాను. నువ్వు రాశావని కాదు, నువ్వు రాసింది నాలుగు రోజులు మింగుడుపడక వెళ్లాను. తను ఏమీ అనకముందే దియ వచ్చి ‘ఆంటీ, మీ దగ్గర నిజం గన్స్ ఉన్నాయా?’ అంది, తన అమెరికన్ తెలుగులో. ‘లేవమ్మా, ప్లాస్టిక్‌వి’ అన్నాను. ‘ప్రామిస్?’ అంది. ప్రామిస్ అన్నాను. ఆ పిల్ల మొహం చూశాక రష్మి మీద కోపం ఎక్కడ పెట్టానో వెతుక్కున్నా దొరకలేదు.

ఇక మీటింగు. హాలు నిండిపోయింది. మా టీమ్ నా వెనకే కూర్చుంది, అందరూ ఒకే రంగు టీషర్టులు. నేను చానల్‌ని చీల్చి చెండాడుతూ రెండు పేజీలు రాసుకున్నాను. అద్దం ముందు చదువుకుంటే సరిగ్గా మూడు నిమిషాలొచ్చింది. నీ ఉత్తరం కూడా అంతే. రెండూ పట్టవు. అందుకని నీ దాంట్లోంచి చానల్‌ని తిట్టిన పేరా ఒక్కటి చివర కలుపుకుందామనుకున్నాను. పెన్ను తీసి ఆ పేరా చుట్టూ గీత కూడా గీశాను.

గీసి ఆగిపోయాను అత్తయ్యా. నేనేం చేస్తున్నానో నాకే తెలిసింది. ఒళ్లు మండింది, ఈసారి నా మీదే.

నా కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేశాను. మైకు దగ్గరికి వెళ్లి, ‘ఈ చానల్ ఎవరి మాటనైతే కోసి చూపించిందో ఆవిడ ఉత్తరం ఇది. మొత్తం చదువుతాను’ అన్నాను. చదివాను. ఆ చానల్ తెలిసి అబద్ధం చెప్పిందన్న పేరా చదివితే వెనకనుంచి చప్పట్లు. ఆ తర్వాత నువ్వు రాసిన రెండో సగం వచ్చింది: ‘అయినా ఈ రూల్‌ని నేను సమర్థిస్తున్నాను. నా మేనకోడలు చేతులెత్తి నిలబడిన రోజున వచ్చింది ఓపిక ఉన్న పోలీసు. మరో రోజు మరొకరు వస్తారు. ఆటని గోడౌన్‌లో ఆడుకోనివ్వండి. దారిలో కవర్ కప్పమనండి. భయపడిన పొరుగువాళ్లని నేరస్తుల్లా చూడకండి, ఆడుకునేవాళ్లని కూడా.’ వెనక చప్పట్లు ఆగిపోయాయి. టీమ్‌లో ఒకామె లేచి తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయింది. అయినా కింద నీ సంతకం దాకా చదివాను.

కౌన్సిల్‌లో ఒక పెద్దాయన ముందుకి వంగి అడిగాడు, ‘మీరు మీ ఆంటీతో ఏకీభవిస్తున్నారా?’

‘సగం వెంటనే ఒప్పుకున్నాను. మిగతా సగం ఇప్పుడు గట్టిగా చదువుతుంటే ఒప్పుకోవాల్సి వచ్చింది’ అన్నాను. హాల్లో కొందరు నవ్వారు. చివరి వరసలో రష్మి నవ్వలేదు, కళ్లొత్తుకుంటోంది.

రూల్ పాసయింది. బయటికి తెచ్చేటప్పుడు కవర్‌లో ఉండాలి, అంతే. కౌన్సిల్‌వాళ్లు ముందు రాసుకున్న దాంట్లో ‘ఆయుధాలు’ అని ఉన్నచోటల్లా ‘ఆట నమూనాలు’ అని మార్చారు. మార్చమని అడిగింది ఆ పెద్దాయనే. టీమ్‌లో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఆదివారం వెళ్తే ఆడనిస్తారో లేదో చూడాలి.

చానల్‌వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వార్త అడుగున, చీమల్లాంటి అక్షరాలతో ‘ఆ వస్తువులు ఎయిర్‌సాఫ్ట్‌కు చెందినవని తర్వాత తెలిసింది’ అని చేర్చారు. తర్వాత తెలిసిందట! చేత్తో పట్టుకుని పేల్చి చూసిన మనిషికి తర్వాత తెలిసిందట!

ఆ రిపోర్టర్ అమ్మాయి హాలు బయట నా కోసం కాచుకుని ఉంది, పక్కన కెమెరా. ‘ఆ రెండో సగం చాలా పవర్‌ఫుల్. రూల్‌ని సమర్థించే ముక్క ఒక్కటి మళ్లీ చదువుతారా?’ అంది.

‘మొదటి నుంచి చదువుతాను. కోయకుండా వేస్తారా?’

‘ఎడిటింగ్ నా చేతిలో ఉండదండీ.’

‘ఉత్తరం నా చేతిలో ఉంది’ అని బ్యాగులో పెట్టేసుకుని కారెక్కాను.

ఆ రాత్రి వార్తలు నేనూ, నిశాంత్, రష్మీ కలిసి చూశాం. నువ్వూ లేవు, నేనూ లేను. ఆ చానల్ ఇంత హాయిగా ఎప్పుడూ చూడలేదు అత్తయ్యా.

మామయ్యకి నమస్కారాలు.

నీ
ఉజ్వల